రోబోను దూరం నుంచి నడపడానికి ఏఆర్: తెరా, ట్యాబా, హెడ్‌సెట్టా?

"రోబోను నడపడానికి కళ్లకు తగిలించుకునే హెడ్‌సెట్లలో ఏది కొనమంటారు?" అని అడిగేవాళ్లకు నేను ఎదురు ప్రశ్న వేస్తుంటాను: నడిపేటప్పుడు రోబో మీ కంటికి కనబడుతుందా? దీనికి తడుముకోకుండా జవాబు చెప్పేవాళ్లు తక్కువ. "ప్రస్తుతానికి పక్క గదిలో ఉంది, అద్దంలోంచి కనబడుతుంది, తర్వాత వేరే చోటికి పోతుంది" అంటారు. ఎంపికలో సగం ఈ ఒక్క జవాబుతోనే తేలిపోతుంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

ఆగ్మెంటెడ్ రియాలిటీ, పొట్టిగా ఏఆర్, అంటే కంటి ముందున్న నిజం మీద బొమ్మ గీయడం. రోబో మీ ఎదురుగా ఉంటే ఆ బొమ్మ నేరుగా రోబో మీద, అది పనిచేసే బల్ల మీద పడుతుంది. రోబో ఎక్కడో ఉంటే మీ ముందున్నది మీ కుర్చీ, మీ గోడ. వాటి మీద ఎంత అందంగా గీసినా ఒరిగేదేమీ లేదు. అప్పుడు గీయాల్సింది రోబో పంపే వీడియో మీద, లేదంటే దాని కెమెరాలు కొలిచి పంపిన త్రీడీ నమూనా మీద. ఈ తేడా పట్టించుకోకుండా ఖరీదైన కళ్లజోడు కొని, రెండు నెలలు వచ్చినవాళ్లందరికీ డెమో చూపించి, చివరికి దాన్ని అటకెక్కించిన జట్టులో నేనూ ఉన్నాను. అరచేతిలో వైకుంఠం చూపించడానికి ఏఆర్‌ను మించింది లేదు. పని చేయించడం వేరు.

మామూలు తెరను తీసిపారేయకండి

మానిటర్, జాయ్‌స్టిక్, రోబో కెమెరా వీడియో, ఆ వీడియో మీద నాలుగు గీతలు. చూడటానికి ఇందులో మెరుపేమీ లేదు. కానీ రోబో నిజంగా దూరంలో ఉంటే నేను మొదట చేయమనేది ఇదే. ఇది కొత్త ఆలోచన కూడా కాదు. 1990ల తొలినాళ్లలోనే టొరంటో విశ్వవిద్యాలయంలో పాల్ మిల్‌గ్రామ్ బృందం స్టీరియో వీడియో (రెండు కళ్లకు రెండు చిత్రాలు చూపించేది) మీద కంప్యూటర్ గీసిన సూచికలనూ, కొలత టేపునూ పెట్టి, దూరంగా ఉన్న వస్తువుల మధ్య ఎడం కొలిచి చూపించింది. కారు రివర్స్ కెమెరాలో స్టీరింగ్ తిప్పిన కొద్దీ వంగే రంగు గీతలు కూడా ఈ జాతివే. వాటిని ఏఆర్ అని ఎవరూ పిలవరు గానీ, పని మాత్రం ఏఆర్ పనే.

గీతలు ఎంత మేలు చేస్తాయో తెలియాలంటే ఒక గ్రిప్పర్‌ను, అంటే రోబో చేతి చివర వస్తువును పట్టుకునే వేళ్లను, దగ్గర నుంచి చూడాలి. రోబో చేయి వెనక నిలబెట్టిన కెమెరాలోంచి చూస్తున్నారు. గ్రిప్పర్ కిందికి దిగింది. వస్తువు సరిగ్గా వేళ్ల మధ్యే ఉన్నట్టు కనబడుతోంది. బటన్ నొక్కితే వేళ్లు మూసుకుంటాయి, చిక్కింది గాలి. వస్తువు ఇంకా నాలుగు సెంటీమీటర్లు అవతల ఉంది. ఒంటి కెమెరాకు లోతు తెలియదు కాబట్టి రెండోసారీ అంతే, మూడోసారి వస్తువును తోసేస్తారు. ఇప్పుడు అదే వీడియోలో గ్రిప్పర్ మధ్య నుంచి బల్ల మీదికి నిట్టనిలువుగా ఒక గీత, అది బల్లను తాకే చోట చిన్న వలయం గీయండి. గ్రిప్పర్ ముందుకు జరిగితే వలయమూ జరుగుతుంది. వలయం వస్తువు అడుగుకు చేరేదాకా జరిపి, ఆ తర్వాత దించితే చాలు. దీనికి లోతు కొలిచే డెప్త్ కెమెరా కూడా అక్కర్లేదు. కీళ్ల కోణాలు, కెమెరా ఎక్కడ బిగించామన్న కొలత, బల్ల ఎత్తు తెలిస్తే సరిపోతుంది.

ఇంకొక్కటి కూడా గీయమంటాను: గ్రిప్పర్ మొన దగ్గర మూడు రంగుల బాణాలు, జాయ్‌స్టిక్ ఎటు తోస్తే ఎటు కదులుతుందో చూపించేవి. రోబో కెమెరా వైపు తిరిగి ఉన్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. అలవాటైన ఆపరేటర్ కూడా అక్కడ తడబడతాడు.

తెరతో ఇబ్బంది ఎక్కడ వస్తుందంటే, చుట్టూ చూడాల్సి వచ్చినప్పుడు. శిథిలాల మధ్య, పైపుల మధ్య తిరిగే రోబోకు ఒక కెమెరా సందులోంచి చూపించే లోకం చాలదు. అలాంటప్పుడు కూడా హెడ్‌సెట్ వైపు పరుగెత్తే ముందు రెండో కెమెరా పెట్టి చూడండి. పక్క నుంచి చూసే ఒక మంచి కెమెరా చాలాసార్లు హెడ్‌సెట్ అవసరాన్నే తప్పిస్తుంది.

ట్యాబ్, ఫోన్

ఆపిల్ ఏఆర్‌కిట్ 2017లో, గూగుల్ ఏఆర్‌కోర్ 2018లో వచ్చాక ఫోన్లకు నేలను, గోడలను గుర్తుపట్టి బొమ్మను ఒకచోట నిలిపి ఉంచే విద్య అబ్బింది. రోబో కంటి ముందుంటే ట్యాబ్ బాగా పనికొస్తుంది: అది వెళ్లబోయే దారి, సెన్సర్లు దేన్ని అడ్డంకి అనుకుంటున్నాయి, ఎక్కడ ఆగిపోయింది అన్నవి చూడటానికి, పక్కనున్నవాడికి చూపించడానికి. "ఇక్కడ ఏమీ లేదు కదా, ఎందుకు ఆగింది?" అని తల పట్టుకున్నప్పుడు ట్యాబ్ ఎత్తి చూస్తే, నేల మీద పడ్డ వెలుగు మరకను రోబో గోడ అనుకుంటున్న సంగతి అర నిమిషంలో బయటపడుతుంది.

నడపడానికి మాత్రం ఒక చెయ్యి ట్యాబ్ పట్టుకోవడానికే పోతుంది. దూరపు రోబో విషయంలో ట్యాబ్ ఒట్టి చిన్న తెర, అంతే. అయితే చిన్న తెరతోనూ తెలివైన పని చేయొచ్చు. బోస్టన్ డైనమిక్స్ వాళ్ల నాలుగు కాళ్ల స్పాట్‌కు ట్యాబ్ కంట్రోలర్ ఉంటుంది. కెమెరా చిత్రంలో నేల మీద ఒకచోట వేలు పెడితే రోబో అక్కడికి తానే నడుచుకుంటూ పోతుంది. జాయ్‌స్టిక్‌తో అడుగడుగూ తిప్పే బాధ లేదు.

హెడ్‌సెట్లలో మూడు దారులు

హెడ్‌సెట్ అని ఒకే గాటన కట్టేస్తాం గానీ వీటిలో మూడు వేర్వేరు యంత్రాలున్నాయి.

మొదటిది, అద్దంలోంచి నేరుగా లోకం కనబడుతూ దాని మీద వెలుగుతో బొమ్మ పడేది. హోలోలెన్స్ 2, మ్యాజిక్ లీప్ 2 ఈ రకం. రోబో పక్కనే నిలబడి దాన్ని నడిపేవాళ్లకు ఇవి నప్పుతాయి. పరికరం చచ్చిపోయినా కళ్ల ముందున్న లోకం మాయమవదు. కదిలే యంత్రం పక్కన నిలబడినవాడికి అది చిన్న విషయం కాదు. లోటుపాట్లూ ఉన్నాయి. వెలుగుతో గీసే బొమ్మ కాబట్టి నలుపు సరిగా గీయలేరు, ఎండలో బొమ్మ వెలిసిపోతుంది. హోలోలెన్స్ 2లో బొమ్మ కనబడే మేర మూలకు మూలకు సుమారు 52 డిగ్రీలు, మ్యాజిక్ లీప్ 2లో 70. రోబో చేయికి దగ్గరగా నిలబడితే మోచేయి కనబడినప్పుడు మొన కనబడదు. పైగా 2019లో వచ్చిన హోలోలెన్స్ 2 తయారీని మైక్రోసాఫ్ట్ 2024లో ఆపేసింది. కొత్త పనిని దాని మీద కట్టడం నేల విడిచి సాము చేయడమే. ఏ హెడ్‌సెట్ తీసుకున్నా సాఫ్ట్‌వేర్‌ను వేర్వేరు హెడ్‌సెట్లకు ఉమ్మడిగా ఉండే ఓపెన్‌ఎక్స్‌ఆర్ ప్రమాణం మీద రాయించుకోండి. రేపు పరికరం మారినా పని మొత్తం తిరగరాసే బాధ తగ్గుతుంది.

రెండోది, కళ్లను పూర్తిగా మూసేసి, ముందున్న కెమెరాల ద్వారా లోకాన్ని లోపలి తెర మీద చూపించేది. మెటా క్వెస్ట్ 3, ఆపిల్ విజన్ ప్రో ఈ కోవలోవి. బొమ్మ చిక్కగా ఉంటుంది, చూపు మేర విశాలం, నలుపు కూడా గీయొచ్చు. కానీ యాప్ బిగుసుకుపోయినా, బ్యాటరీ అయిపోయినా మీరు చీకట్లో ఉంటారు. అందుకే నడుస్తున్న రోబో చేయి అందుకునేంత దూరంలో దీన్ని పెట్టుకుని నిలబడొద్దని గట్టిగా చెబుతాను. కుర్చీలో కూర్చుని దూరపు రోబోను నడిపేవాడికి ఆ భయం లేదు.

మూడోది పరికరంగా రెండోదే, వాడకం వేరు. మీ గదిని పూర్తిగా మరచిపోయి, రోబో ఉన్న చోటును త్రీడీలో కట్టి, అందులో మిమ్మల్ని నిలబెట్టడం. శాస్త్రంగా చూస్తే ఇది ఏఆర్ కాదు, దాని అవతలి గట్టున ఉండే వర్చువల్ రియాలిటీ. కానీ రోబో కనుచూపు మేరలో లేనివాళ్లు ఎక్కువగా చివరికి చేరేది ఇక్కడికే.

దీనిలో ఉన్న సుగుణం ఒకటి సరిగా అర్థం చేసుకోవాలి. రోబో తల మీద కెమెరా పెట్టి, మీ తల తిరిగినట్టల్లా దాన్ని తిప్పితే బాగుంటుందని అందరికీ తోస్తుంది. అలా చేస్తే మీరు తల తిప్పాక దృశ్యం కదలడానికి కబురు వెళ్లి, మోటారు తిరిగి, వీడియో రావాలి. ఆ ఎడంలో కడుపులో తిప్పడం మొదలవుతుంది. అదే రోబో పంపిన కొలతలతో మీ కంప్యూటర్‌లోనే దృశ్యం కడితే, తల తిప్పడానికి నెట్‌వర్క్‌తో పనిలేదు. 2022లో దూరం నుంచి నడిపే రోబోల పోటీ అనా అవతార్ ఎక్స్‌ప్రైజ్ గెలిచిన బాన్ విశ్వవిద్యాలయం జట్టు నింబ్రో ఈ రెంటినీ కలిపింది. ఆపరేటర్ తలను అనుసరించి రోబో మెడ కదులుతుంది. అది చేరుకునేలోగా వైడ్ యాంగిల్ కెమెరా చిత్రాన్ని ఆపరేటర్ దగ్గరే సరిదిద్ది చూపిస్తారు.

ఖర్చు డేటాలో పడుతుంది. ఒక్క డెప్త్ కెమెరా 640×480 చుక్కల్లో, చుక్కకు 16 బిట్లు, సెకనుకు 30 ఫ్రేములు పంపితే కుదించకముందు సెకనుకు దాదాపు 147 మెగాబిట్లు. రంగు వీడియో దానికి అదనం. కాబట్టి కదలని గోడలను ఒకసారి పంపి, పని జరిగే చోటును మాత్రమే తాజాగా పంపడం మేలు. అప్పుడు ఇంకో ప్రమాదం ఎదురవుతుంది: పాతబడిన బొమ్మ తాజా బొమ్మలాగే కనబడుతుంది. పది నిమిషాల కిందటి కుర్చీ ఇప్పటికీ అక్కడే ఉందనుకుని రోబోను వెనక్కి నడిపిస్తారు. పాత కొలతలను రంగు తగ్గించి చూపించమని మొదటి రోజే చెప్పండి.

ఆలస్యం ముందు ఎవరైనా ఒకటే

పరికరాన్ని తేల్చేది రోబో కనబడటమైతే, నడిపే పద్ధతిని తేల్చేది ఆలస్యం. లెక్క తేలిక. రోబో సెకనుకు అర మీటరు వేగంతో పోతోంది, మీరు బ్రేకు వేసిన కబురు చేరేలోగా, మీరు చూస్తున్న వీడియో పాతబడిన సమయంతో కలిపి 400 మిల్లీసెకన్లు పోయాయనుకోండి, మీరు ఆపాలనుకున్న చోటికి 20 సెంటీమీటర్లు అవతల ఉంటుంది.

మీ ఆలస్యం ఎంతో సాఫ్ట్‌వేర్ చెప్పే అంకె నమ్మకండి. రోబో కెమెరాను తెచ్చి ఒక స్టాప్‌వాచ్ ముందు పెట్టండి. ఆ వీడియో వచ్చే మీ తెర, స్టాప్‌వాచ్ రెండూ ఒకే ఫొటోలో పడేలా ఫోన్‌తో తీయండి. రెండు అంకెల తేడాయే వీడియో ఆలస్యం. కబురు వెళ్లే వైపు ఆలస్యం దీనికి అదనం. పది ఫొటోలు తీసి, సగటు కాకుండా అన్నింటిలోకీ ఎక్కువైనది రాసుకోండి. ప్రమాదం సగటు దగ్గర జరగదు. హెడ్‌సెట్‌లో అయితే కంటి అద్దం దగ్గర ఫోన్ పెట్టి తీయాలి, కాస్త తిప్పలు పడాలి గానీ కుదురుతుంది.

ఆలస్యం ఎక్కువైతే మనిషి ఏం చేస్తాడో 1960లలోనే విలియం ఫెరెల్ ఎంఐటీలో గమనించాడు. కొంచెం కదిపి ఆగుతాడు, ఏమైందో చూస్తాడు, మళ్లీ కొంచెం కదుపుతాడు. పని అవుతుంది, కానీ తాబేలు నడక. దీనికి విరుగుడుగా 1990లో నాసా జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీలో ఆంటల్ బెజ్సీ, మరో ఇద్దరూ కలిసి 'ఫాంటమ్ రోబో' చూపించారు. ఆలస్యంగా వచ్చే వీడియో మీద రోబో చేయి నీడలాంటి బొమ్మ వెంటనే కదులుతుంది, అసలు చేయి తర్వాత వచ్చి దాన్ని కలుసుకుంటుంది. 1993లో కొలంబియా షటిల్‌లో ఎగిరిన జర్మన్ల రోటెక్స్ ప్రయోగంలో ఆలస్యం 5 నుంచి 7 సెకన్లు. అక్కడా ఇలాంటి ముందుచూపు బొమ్మలే ఆదుకున్నాయి.

ఈ నీడ రోబో విద్య ఇప్పుడు ఏ హెడ్‌సెట్‌లోనైనా, ఆ మాటకొస్తే మామూలు తెర మీదైనా చేయొచ్చు. ముందు నీడను కదిపి చూసుకుని, బాగుందనుకున్నాక అసలు రోబోకు 'కానివ్వు' అని చెప్పడం. దీని హద్దు కూడా తెలుసుకోవాలి. నీడకు రోబో గురించే తెలుసు, లోకం గురించి తెలియదు. పట్టుకోబోతున్న సీసా దొర్లిపోతే నీడ మాత్రం ఖాళీ చోటును నిబ్బరంగా పట్టుకుంటుంది.

నా అనుభవంలో 200 మిల్లీసెకన్ల లోపు జాయ్‌స్టిక్‌తో నేరుగా నడపొచ్చు. అక్కడి నుంచి ఒక సెకను దాకా నీడ రోబో. అది దాటితే చోటు చూపించి పని అప్పగించేయడం, అంటే వెళ్లే దారి రోబోనే వెతుక్కోవడం. ఇది శాసనం కాదు, నెమ్మదిగా కదిలే రోబోకు కాస్త సడలించవచ్చు. చంద్రుడి దాకా వెళ్లి రావడానికి కాంతికే రెండున్నర సెకన్లు పడుతుంది. అంగారకుడికైతే ఒక్క వైపే 3 నుంచి 22 నిమిషాలు. అక్కడ జాయ్‌స్టిక్ మాటే లేదు. నీళ్లలోనూ ఇదే తంటా. కేబుల్ ఉంటే సరే, లేకుంటే కబురు మోసేది శబ్దం. దాని వేగం సెకనుకు సుమారు 1500 మీటర్లే.

బొమ్మ జారితే

ఏఆర్‌లో బొమ్మ అసలు వస్తువు మీద సరిగ్గా కూర్చోకపోతే, లేకపోవడమే నయం. గీత లేనప్పుడు మనిషి అనుమానంతో నెమ్మదిగా పోతాడు, తప్పు గీత ఉంటే ధైర్యంగా పోయి గుద్దేస్తాడు. కోణంలో ఒక్క డిగ్రీ తప్పు మీటరు దూరంలో 1.7 సెంటీమీటర్లు, మూడు మీటర్ల దూరంలో 5 సెంటీమీటర్లు దాటుతుంది. ఒకసారి మేం ఏప్రిల్‌ట్యాగ్ గుర్తును (కెమెరా చూసి చోటు లెక్కగట్టే నలుపు తెలుపు చతురస్రం) రోబో పాదం దగ్గర అంటించి, అక్కడికి రెండు మీటర్లలో పనిచేయించాం. ఉదయం బాగానే ఉంది. మధ్యాహ్నానికి నీడ చేయి అసలు చేయి పక్కన కవల తమ్ముడిలా నిలబడింది. గుర్తును పని జరిగే బల్ల మీదికి మార్చాక సర్దుకుంది. గుర్తు ఎప్పుడూ పని దగ్గరే ఉండాలి.

కొనేముందు అమ్మేవాళ్ల డెమోలో ఇది అడిగి చూడండి: హెడ్‌సెట్ తీసి, గదిలో ఒక చుట్టు తిరిగి వచ్చి, మళ్లీ పెట్టుకుంటాను, బొమ్మ ఎక్కడుంటుంది?

చేతులా, బటన్లా?

గాల్లో చేతులు ఆడిస్తూ రోబోను నడపడం వీడియోల్లో ముచ్చటగా ఉంటుంది. పది నిమిషాలు చేస్తే భుజాలు పీకుతాయి. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. ఫ్యాక్టరీ రోబోలను నడపడానికి చేత్తో పట్టుకునే పెట్టె, టీచ్ పెండెంట్ వెనక ఒక స్విచ్ ఉంటుంది. దాన్ని సగం దాకా నొక్కి పట్టుకుంటేనే రోబో కదులుతుంది. వదిలేస్తే ఆగుతుంది, గట్టిగా పిసికినా ఆగుతుంది. ఎందుకంటే ఉలిక్కిపడ్డ మనిషి చేతిలోది వదిలేయొచ్చు, బిగించేయనూ వచ్చు. ఏది చేస్తాడో ముందే చెప్పలేం. గాల్లో రెండు వేళ్లు కలపడంలో ఆ రక్షణ లేదు. నీడను జరపడానికి, చోటు చూపించడానికి చేతులు వాడండి. అసలు రోబో కదలాలంటే మాత్రం చేతిలో పట్టుకున్న బటన్ నొక్కి ఉండాలి. హెడ్‌సెట్‌లో ఎర్రగా మెరిసే 'స్టాప్' బొమ్మను ఎమర్జెన్సీ స్టాప్‌గా లెక్కవేయకండి. అసలుది రోబో దగ్గర, వైరుతో ఉండాలి. నెట్‌వర్క్ తెగితే రోబో తనంతట తాను ఆగాలి కూడా. ఏ ఎంపికకైనా ఇది మారదు.

మరి ఏది తీసుకోవాలి?

ఒకచోట బిగించిన రోబో చేయి, మీరు వేరే గదిలో: తెర, రెండు కెమెరాలు, బల్ల దాకా గీత. ఎనిమిది వారాలు దానితో పని చేసి, ఆపరేటర్ పదే పదే "అటు పక్క కనబడట్లేదు" అంటుంటే అప్పుడు త్రీడీ హెడ్‌సెట్ గురించి ఆలోచించండి.

రోబో మీ ఎదురుగానే ఉంది, దానికి కొత్త పనులు నేర్పించాలి: రెండు చేతులూ ఖాళీగా ఉండాలి కాబట్టి అద్దంలోంచి కనబడే హెడ్‌సెట్. అప్పుడప్పుడు చూసుకోవడానికే అయితే ట్యాబ్ చాలు.

తిరిగే రోబో, పొడుగాటి నడవలు, తనిఖీ పని: ట్యాబ్ మీద వేలుపెట్టి పంపడం. ఇందులో హెడ్‌సెట్‌కు ఖర్చు పెట్టాల్సిన కారణం నాకింతవరకు కనబడలేదు.

రెండు చేతుల రోబోతో మూతలు తిప్పడం, వైర్లు గుచ్చడం లాంటి నాజూకు పనులు: ఇక్కడ మాత్రం కళ్లు మూసే హెడ్‌సెట్, స్టీరియో చూపు నిజంగా పనికొస్తాయి. బరువు చూసుకోండి. క్వెస్ట్ 3 ఉండేది 515 గ్రాములు, విజన్ ప్రో 600 దాటుతుంది. మొదటి పావుగంటలో ఈ తేడా తెలియదు.

అందుకే తేల్చుకునే ముందు ఒక పరీక్ష పెట్టండి. ఒకే పని, తెర మీద ఇరవైసార్లు, హెడ్‌సెట్‌తో ఇరవైసార్లు. చేయాల్సింది ఇంజినీరు కాదు, రేపు రోజూ ఆ కుర్చీలో కూర్చోబోయే మనిషి. పట్టు తప్పినవి, గుద్దినవి, పట్టిన సమయం రాసుకోండి. అంకెలు రాస్తూనే ఆ మనిషిని కూడా ఓ కంట కనిపెట్టండి. అరగంట తర్వాత హెడ్‌సెట్‌ను నుదుటి మీదికి జరిపి, పక్కనున్న మానిటర్‌లోకి తొంగి చూస్తూ రోబోను నడుపుతుంటే, హెడ్‌సెట్ డబ్బును రెండో కెమెరాకు పెట్టండి.